గిరిజాకుమారి పాత చెయ్యి

ఐర్లండ్‌లో, అత్లోన్ ఊళ్ళో, కోట వెనక సందులో నాది ఫ్రేముల షాపు. పెళ్ళి ఫోటోలు, డిగ్రీ పట్టాలు, వేంకటేశ్వరస్వామి పటాలు, రగ్బీ చొక్కాలు, అద్దంలో పెట్టి గోడకు తగిలించగలిగేది ఏదైనా చేసిస్తాను. ముందు గదిలో చేత్తో వేసిన రంగుల బొమ్మలు కూడా అమ్ముతాను. బొమ్మ మంచిదో కాదో చెప్పడానికి నా దగ్గర ఒకటే కొలత ఉంది. గోడకు పెట్టిన కొన్నాళ్ళ తర్వాత కూడా ఇంట్లో మనుషులు దానివైపు చూస్తున్నారా లేదా? చూడకపోతే అది ఖాళీ గోడ కిందే లెక్క. ఆ కొలతకు గిరిజాకుమారి గారి బొమ్మలు ఎప్పుడూ తక్కువ రాలేదు. ఆవిడ వేసినవన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. ఆవిడ చెయ్యి ఎప్పుడు ఎటు తిరిగిందో, తిరిగినప్పుడల్లా ఏం వచ్చి ఏం పోయిందో నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి చూసుకున్న మనిషి కాదు. వేసింది ఆరగానే నాకు అప్పగించి, మళ్ళీ నది దగ్గరికి పోయేవారు.

కిందటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆవిడ షాపులోకి వచ్చి, తడిసిన కోటు విప్పకుండానే స్టూలు మీద కూర్చున్నారు. టీ ఇస్తే పట్టుకున్నారు గానీ తాగలేదు.

"సుబ్బారావు గారూ, నా మొదటి బొమ్మలు ఎవరెవరి దగ్గరున్నాయండీ?" అని అడిగారు.

ఎందుకని నేను అడగలేదు. కారణం మనిషి తనంతట తను చెప్పేదాకా ఆగడం నాకు అలవాటు. కాసేపటికి ఆవిడే చెప్పారు.

ఆవిడ భర్త డాక్టర్ కృష్ణమూర్తి గారు ఇక్కడికి దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. తర్వాత మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఆపైన తుంటి ఎముక విరిగి, మంచం, కుర్చీ తప్ప కదలలేని స్థితి వచ్చాక ఊరి బయట, వయసు మళ్ళినవాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. ఆ గదికి కాస్త ఇంటి కళ వస్తుందని గిరిజ గారు తన కొత్త బొమ్మలు రెండు తీసుకెళ్ళి గోడకు పెట్టారు. అప్పటినుంచి ఆయన నీళ్ళు, నీళ్ళు అనడం మొదలుపెట్టారు. జబ్బుతో ఇంగ్లీషంతా పోయి ఆయనకు తెలుగొక్కటే మిగిలింది. అక్కడి నర్సు ప్రెయిస్, మలయాళీ పిల్ల, గిరిజ గారికి ఫోన్ చేసి ఆ మాటకు అర్థం కనుక్కుని, దాహమేమో అని గ్లాసు తర్వాత గ్లాసు ఇచ్చింది. ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడవైపే చూస్తుంటే గానీ సంగతి తెలియలేదు. బొమ్మలోంచి వరద గదిలోకి వచ్చేస్తోందని ఆయన భయం.

గిరిజ గారు వెళ్ళి బొమ్మలు దింపారు. దింపుతూ, ఇవి నేను వేసినవేనండీ, భయమెందుకు అన్నారట. ఆయన ఆవిడ ముఖంలోకి చూసి చాలా మర్యాదగా జవాబిచ్చారు.

"మా ఆవిడ బొమ్మలు నాకు తెలుసమ్మా. ఇవి ఆవిడవి కావు. మీరూ ఆవిడ కాదు."

ఆ రోజునుంచి ఆవిడ ఎన్నిసార్లు వెళ్ళినా కొత్త మనిషి వచ్చినట్టే పలకరిస్తున్నారు. మా ఆవిడ నది దగ్గరుంది, చూశారా అని అడుగుతున్నారు.

"పాత బొమ్మ ఒక్కటి ఆయన ముందు పెట్టి, పక్కన నేను కూర్చుంటానండీ," అన్నారు గిరిజ గారు. "బొమ్మను గుర్తుపడితే నన్నూ పడతారు. ఒక్కసారి గిరిజా అని పిలిస్తే చాలు నాకు."

ఆ ఆశ మీద నాకు పెద్ద నమ్మకం కలగలేదు. కానీ ఆవిడ అడిగింది నా నమ్మకం కాదు, కొన్నవాళ్ళ చిరునామాలు.

పాత బొమ్మ, కొత్త బొమ్మ అంటే ఏమిటో చెప్పకపోతే ఆవిడ ఆరాటం అర్థం కాదు. గిరిజ గారిది ఇంప్రెషనిస్టు పద్ధతి. కొనడానికి వచ్చినవాళ్ళకు నేను దాన్ని ఇలా చెబుతాను. వీళ్ళు వస్తువును వెయ్యరు, ఆ క్షణాన దాని మీద పడిన వెలుతురును వేస్తారు. గీత గియ్యరు. రంగులు కలిపి ముద్ద చెయ్యకుండా, చిన్న చిన్న చుక్కలుగా పక్కపక్కన పెడతారు. దగ్గర్నుంచి చూస్తే చిందరవందరగా ఉంటుంది, వెనక్కి జరిగితే నది కనిపిస్తుంది. నలుపును దగ్గరికి రానివ్వరు, నీడ కావాలంటే నీలమో ఊదారంగో వాడతారు. అంతా బయట నిలబడి, ఎదురుగా చూస్తూ, వెలుతురు మారేలోగా ముగించాలి. ఈ ఊళ్ళో పోసిన టీ చల్లారేలోగా వెలుతురు మారిపోతుంది.

విశాఖలో చిత్రకళ చదువుకుని, పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆవిడ వేసినవి టీ ట్రే అంత చెక్కల మీద. పొద్దున్నే షానన్ నది పడమటి ఒడ్డున నిలబడి తూర్పుకు చూస్తూ వేసేవారు. చుక్కలు బియ్యపు గింజంత ఉండేవి. నీటి మీద పసుపు, గులాబీ, మధ్యమధ్య లేత ఆకుపచ్చ. కృష్ణమూర్తి గారు నైట్ డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా ఒడ్డుకు వచ్చి గొడుగు పట్టేవారు. రంగు గొడుగైతే ఆ రంగు బొమ్మ మీద పడుతుంది, నల్లదైతే చీకటి పడుతుంది. అందుకని ఆయన ఎక్కడినుంచో పెద్ద తెల్ల గొడుగు తెప్పించారు. నిద్ర కళ్ళతో నిలబడి ఒక్కోసారి తూలేవారు. గొడుగు పక్కకు జరిగి, పచ్చి రంగు మీద చినుకులు పడేవి. ఆ రోజుల బొమ్మల్లో ఏదో ఒక మూల సన్నటి గుంటలు ఉంటాయి. కొనేవాళ్ళు అడిగితే ఇది అసలు వాన అని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు కాబట్టి బేరం బాగా కుదిరేది. మన తెలుగువాళ్ళు వాటి కోసం ఎగబడ్డారు. పారే నీళ్ళు, ఉదయించే సూర్యుడు, ఈశాన్యం గోడకు ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత ఆయన పెద్ద డాక్టరయ్యారు. పొద్దుటి పూట మీటింగులు, సాయంత్రం క్లినిక్కులు. గొడుగు పట్టే మనిషి లేక ఆవిడ కారును ఒడ్డున ఆపి, లోపల కూర్చుని వెయ్యడం మొదలుపెట్టారు. తడిసిన అద్దం గుండా చూసి వేసేసరికి కోట కరిగింది, వంతెన కరిగింది, అంచులన్నీ పోయాయి. పసుపు స్థానంలో బూడిదరంగు, ఊదా వచ్చాయి. చూసినవాళ్ళు ఆవిడ చెయ్యి ఎదిగిందన్నారు. ఎదిగే ఉండొచ్చు. నాకు కనిపించింది మాత్రం గొడుగు లేకపోవడం. మనవాళ్ళ గిరాకీ పోయి, ఐరిష్‌వాళ్ళ గిరాకీ వచ్చింది. రెండూ బేరీజు వేస్తే నాకు నష్టమేమీ లేదు.

కూతురు సుధేష్ణ ఉద్యోగానికి డబ్లిన్ పక్కన శాండీఫోర్డ్ వెళ్ళిపోయాక మూడో మలుపు. చలికాలం షానన్ పొంగి పొలాల మీద పడితే ఆవిడ బూట్లు వేసుకుని ఆ వరద నీళ్ళ మధ్యకు వెళ్ళడం మొదలుపెట్టారు. బొమ్మలు తలుపంత అయ్యాయి. ఆకాశం లేదు, ఒడ్డు లేదు. పై అంచునుంచి కింది అంచుదాకా నీళ్ళే. బ్రష్షు వదిలి రంగు పూసే కత్తితో, గుడ్డతో, అరచేత్తో వేసేవారు. అప్పుడు కూడా నలుపు ముట్టుకోలేదు. ముదురు నీలంలో మట్టి ఎరుపు, ఆకుపచ్చ కలిపి నలుపుకంటే లోతైన రంగు తీసేవారు. ఆ బొమ్మ ముందు నిలబడితే మోకాళ్ళకు చల్లగా తగిలేది. చాలాకాలం ఒక్కటీ అమ్ముడుపోలేదు. అయినా వాటికి నా వెనక గదిలో చోటిచ్చాను. జాలిపడి ఇవ్వలేదు. జీవితమంతా పెట్టుబడిగా పెట్టి ఒక మనిషి చేరుకున్న చోటు అది. అటువంటి సరుకు విలువ తెలిసినవాళ్ళు ఆలస్యంగా వస్తారు గానీ రాక మానరు.

కృష్ణమూర్తి గారికి భయం పుట్టించినవి ఈ మూడో రకం బొమ్మలు. ఆయనకు కావలసింది మొదటి రకం. వాటిని కొన్నవాళ్ళు ఎక్కువమంది డాక్టర్లు. ఒకరు కెనడాలో, ఒకరు పెర్త్‌లో, కొందరు తిరిగి హైదరాబాదులో తేలారు. కొందరి ఆచూకీ లేదు. ఐర్లండ్‌లో మిగిలింది ఒక్కటే. నేను చాలాకాలం దాచుకుని ఆఖరున డబ్లిన్ దగ్గర క్లోనీలో ఒక తెలుగు జంటకు అమ్మినది.

గిరిజ గారిని కారులో ఎక్కించుకుని క్లోనీ వెళ్ళాను. బొమ్మ కొన్న దినేశ్ అక్కడ దగ్గర్లోనే ఒక డేటా సెంటర్‌లో పనిచేస్తాడు. అతను డ్యూటీలో ఉన్నాడు, భార్య శ్రీలేఖ తలుపు తీసింది. హాల్లో ఈశాన్యం గోడ మీద బొమ్మ ఉంది. నేను కట్టిన ఫ్రేము పై పట్టీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. కింద చిన్న గూట్లో అగరుబత్తి బూడిద. సంగతంతా నేను విడమరచి చెప్పాను. కొంతకాలం అరువిచ్చినా చాలన్నాను. శ్రీలేఖ కళ్ళు తుడుచుకుంది గానీ తల అడ్డంగా ఊపింది.

"తప్పుగ అనుకోకుండ్రి ఆంటీ," అంది. "గీ బొమ్మ వచ్చినంకనే మాకు పర్మిట్ వచ్చింది, ఇల్లొచ్చింది, ఇన్నేండ్లకు బాబు పుట్టిండు. ఒక్క దినం గోడ మీదికెళ్ళి దించినా నా పానం ఒప్పది. మీరేం అడిగినా ఇస్త, గిదొక్కటి అడగకుండ్రి."

బేరంలో ఎదుటివాళ్ళు అదృష్టం అనే మాట తెస్తే ఇక అక్కడ బేరం లేదు. గిరిజ గారు బతిమాలలేదు. బొమ్మ ముందు నిలబడి, ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి చూశారు. తన చేతి పని మనిషి అలా చూడటం నేనెప్పుడూ చూడలేదు, పరాయి ఇంట్లో వస్తువు వెల కట్టుకుంటున్నట్టు. ఫోన్‌తో ఫోటోలు తీసుకోమంది శ్రీలేఖ. తీసుకున్నారు. వచ్చేటప్పుడు పులిహోర డబ్బా ఇస్తే అది కూడా తీసుకున్నారు.

తిరిగి వస్తూ కారులో ఒక్క మాట అన్నారు.

"ఆ వేసిన పిల్లకి ఎంత ధీమానో చూశారా? పక్కనెవరో ఉన్నారన్న ధీమా."

ఫోటోను బొమ్మ సైజులో అచ్చు వేయించి, ఫ్రేము కట్టి ఇచ్చాను. కృష్ణమూర్తి గారు వేలితో రాసి చూసి, ఇది కాగితం అని పక్కన పెట్టేశారు. ఇక మిగిలింది మళ్ళీ వెయ్యడమే.

పాత చోటే, పాత వేళే. చెక్క కూడా నేను పాత కొలతకే కోసి ఇచ్చాను. గొడుగు నేను పట్టాను. మొదట కాసేపు ఆవిడ చెయ్యి చిన్న చిన్న చుక్కలు పెట్టింది. అంతలోనే మోచెయ్యి పక్కకు జరిగింది, భుజం కదిలింది, ఒకే ఊపులో అడ్డంగా రంగు గీరుకుపోయింది. పొద్దుటి నది వరదైపోయింది. ఆవిడ కత్తితో అంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే. మర్నాడు పాత చీర అంచు ఒకటి చింపి తెచ్చి, మోచేతిని నడుముకు కట్టమని నన్ను అడిగారు. భుజం కదలకపోతే మణికట్టే పని చేస్తుందని ఆవిడ ఆలోచన. కట్టాను. కట్టినా చెయ్యి లొంగలేదు.

నాకు తోచింది నేను చెప్పాను. మూసేసిన కొట్టును ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ తెరవలేమమ్మా, ఆ వీధే ఇప్పుడు అక్కడ లేదు అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. ఈ చెయ్యి సంపాదించడానికి మీకు ఇంత కాలం పట్టింది, దీన్ని పాడుచేసుకోవద్దు.

"కొట్టు తెరవడానికి రాలేదు సుబ్బారావు గారూ," అన్నారు ఆవిడ. "ఇంకాస్త బిగించి కట్టండి."

చివరికి నదిని వదిలేశారు. గరాజులో కూర్చుని, ఫోన్‌లో ఫోటోను పెద్దది చేసుకుని, ఒక్కొక్క చుక్కా చూసి పెట్టారు. వెలుతురు పారిపోతుందన్న భయంతో పుట్టిన చుక్కను, ట్యూబ్‌లైటు కింద తీరిగ్గా నకలు తీశారు. ఆ పద్ధతిలో ఉన్నవాళ్ళకు అంతకంటే పెద్ద తప్పు లేదు. ఆవిడకు తెలియక కాదు. రోజంతా కట్టుకట్టిన చేత్తో పని చేసి సాయంత్రానికి అన్నం ముద్ద ఎత్తలేకపోయేవారు.

ఏప్రిల్‌లో బొమ్మ పూర్తయింది. నా కళ్ళకు క్లోనీలో ఉన్నదానికీ దీనికీ తేడా కనిపించలేదు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి మర్నాడు నా షాపుకు తిరిగొచ్చారు. ఆయన బొమ్మను చేతుల్లోకి తీసుకుని, బొటనవేలితో మూలలు తడిమి, బాగుంది గానీ మా ఆవిడది కాదు అన్నారట.

"మూలలు ఎందుకు తడిమారో రాత్రంతా ఆలోచించాను," అన్నారు గిరిజ గారు. "వాన లేదు దీంట్లో."

నా బల్ల మీద బొమ్మను పెట్టుకుని, బ్రష్షు తోక మొనతో పై మూల దగ్గర గుంటలు పొడిచారు. రంగు పైన ఆరినా లోపల ఇంకా మెత్తగానే ఉంది. చినుకు పడ్డచోట అంచు ఎలా లేస్తుందో ఆవిడకు బాగా గుర్తుంది. ఆ పని ముగిసేదాకా నేను తల తిప్పుకుని ఫ్రేము మేకులు ఏరుకున్నాను. మా వ్యాపారంలో దీనికి ఒక పేరుంది. ఆ పేరు నా నోటితో అనలేదు.

అప్పటికప్పుడే నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాం. కృష్ణమూర్తి గారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. గడ్డం నున్నగా గీసి ఉంది. ప్రెయిస్ ఆయన ఒళ్ళో బొమ్మ పెట్టింది. ఆయన బొటనవేలు ముందు మూలకే వెళ్ళింది. గుంటల మీద ఆగింది. ముఖం విచ్చుకుంది.

"ఇదిగో, ఇక్కడ తూలాను," అన్నారు. "రాత్రంతా ఆపరేషన్లు. గొడుగు పక్కకు పోయింది. తిట్టింది నన్ను."

"ఏమని తిట్టిందండీ?" అన్నారు గిరిజ గారు.

"నిద్రొస్తే ఇంటికెళ్ళు మూర్తీ, నదికి నీతో ఏం పని లేదు అంది." ఆయన నవ్వారు. "అని, తన చున్నీ తీసి నా తల తుడిచింది."

గిరిజ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆయన చేతి మీద చెయ్యి వేశారు.

"ఆ తిట్టింది నేనే మూర్తీ."

ఆయన ఇబ్బందిపడ్డారు. చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, బొమ్మను అటు పక్కకు జరిపి పెట్టుకున్నారు.

"మీరు శ్రమపడి తెచ్చిపెట్టారు. చాలా సంతోషం," అన్నారు. "కూర్చోండి. వెలుతురు పోగానే ఆవిడే వచ్చేస్తుంది. మంచి కాఫీ ఇస్తుంది."

ఇంకొకరైతే అక్కడితో లేచి వచ్చేసేవారు. గిరిజ గారు ఇంకొక్క ప్రయత్నం చేశారు. ఆవిడ తర్వాత కూడా బొమ్మలు వేసింది కదండీ, కారులో కూర్చుని వేసినవి, పెద్దవి, అవి కూడా ఆవిడవే కదా అన్నారు.

"అది వేరే మనిషి," అన్నారాయన. చెప్పడానికి కాస్త మొహమాటపడ్డారు. "తర్వాత ఇంట్లోకి ఎవరో వచ్చారండీ. నేను పొద్దున్నే ఆసుపత్రికి పోయేవాణ్ణి, ఆవిడ కారేసుకుని పోయేది. అన్నం వండిపెట్టేది, పాపం. నేనెప్పుడూ ఆవిడ బొమ్మల వైపు చూడలేదు. పరాయివాళ్ళవి ఎందుకు చూస్తాం?"

అప్పటిదాకా ఆ ఇంట్లో జరిగిన నష్టమంతా నేను జబ్బు ఖాతాలో వేసుకున్నాను. ఆ మాట విన్నాక తెలిసింది, సగం నష్టం జబ్బుకు ముందే జరిగిపోయిందని. ఆవిడకు కూడా అప్పుడే తెలిసి ఉంటుంది. ఆవిడ ముఖంలో మాత్రం ఏమీ కనబడలేదు. మేం లేవబోతుంటే ఆయన అడిగారు.

"రేపటి బొమ్మ కూడా తెస్తారా? ఆవిడ రోజూ వేస్తుంది."

తెస్తానన్నారు గిరిజ గారు.

అలా మొదలైంది. పాత రకం బొమ్మ వచ్చిందంటే నది దగ్గర తన భార్య క్షేమంగా ఉన్నట్టు ఆయన లెక్క. రాకపోతే అన్నం తినేవారు కాదు, ప్రెయిస్ చేతిని తోసేసేవారు. కాబట్టి గిరిజ గారు వేస్తూనే పోయారు. ఒకటి ఆయన చేతుల్లో ఉండగా ఇంకొకటి గరాజులో ఆరుతుండేది. ప్రతిదాంట్లో ఒక మూల వాన. ఆయన తడిమి చూసి, నవ్వి, ఇక్కడ తూలాను అనేవారు. ఆవిడ బొమ్మ తెచ్చే మనిషిగా ఎదురు కుర్చీలో కూర్చుని, ఆయన భార్య గురించి ఆయన చెప్పేవన్నీ వినేవారు. తన గురించి అంత ప్రేమగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదని నాతో ఒకసారి అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఈర్ష్య ఉంది.

వేసవి ముగిసేసరికి చేతికి కట్టు అక్కర్లేకుండా పోయింది. ఫోటో కూడా అక్కర్లేదు. ఆయన చూసి పక్కన పెట్టేసినవి నా షాపుకు వచ్చేవి. కిటికీలో పెట్టినవి పెట్టినట్టే పోయేవి. మనవాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు, గృహప్రవేశాలకు ముందే చెప్పి ఉంచుకునేవారు. నా లాభం గురించి నేను అబద్ధం చెప్పను, ఆ ఏడాది వ్యాపారం బాగుంది.

సెప్టెంబరులో డబ్లిన్ నుంచి ఒక గ్యాలరీ యజమానురాలు వేరే పని మీద వచ్చి, నా వెనక గదిలో ఉన్న వరద బొమ్మలు చూసింది. ఒక్కొక్కదాన్నీ వెలుతురులోకి తీయించుకుని నిలబడిపోయింది. మాట్లాడకుండా అంతసేపు నిలబడ్డ కొనుగోలుదారు నాకు ఎప్పుడూ తగల్లేదు. అన్నీ కలిపి ప్రదర్శన పెడతానంది. ఒక్కటే చిక్కు. వాటి మీద సంతకాలు లేవు. గిరిజ గారు బొమ్మ అమ్ముడైనప్పుడే వచ్చి సంతకం పెట్టేవారు, ఇవి అమ్ముడుపోలేదు కాబట్టి సంతకం పడలేదు. వచ్చి ఒక్క పూట కూర్చుంటే అయిపోయే పని.

గిరిజ గారు వచ్చారు. సుధేష్ణ కూడా సెలవు పెట్టి వచ్చింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి ఐరిష్ ఇంగ్లీషే వస్తుంది. అమ్మ అసలు బొమ్మలు ఇవేనని, నాన్న కోసం వేసేవి క్యాలెండర్ బొమ్మలని గట్టిగానే వాదించింది. "సైన్ దెమ్ మామ్, ప్లీజ్. దే ఆర్ యువర్స్," అని బ్రష్షు చేతిలో పెట్టింది.

గిరిజ గారు బొమ్మల ముందు ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా నడిచారు. దగ్గరికి వెళ్ళలేదు.

"మీ నాన్న ఇవి నావి కావన్నారు," అన్నారు. "ఇప్పుడు చూస్తే నాకూ అలాగే ఉందమ్మా. ఎవరో ఒంటరిది, ధైర్యం ఉన్న మనిషి వేసింది. ఆవిడ సంతకం నేనెలా పెడతాను?"

సుధేష్ణ ఏడ్చింది. నేను వ్యాపారం మాట్లాడాను. సంతకం లేని బొమ్మకు వచ్చేది ఎంత, ఉన్నదానికి వచ్చేది ఎంత, పేరు వల్ల మిగతా జీవితమంతా ఎలా గడుస్తుందీ అన్నీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. బ్రష్షును గుడ్డతో తుడిచి నా బల్ల మీద పెట్టి, నర్సింగ్ హోమ్‌లో అన్నం వేళయిందని వెళ్ళిపోయారు. గ్యాలరీ ఆవిడ కొంతకాలం ఫోన్లు చేసింది, తర్వాత మానేసింది.

నవంబరు చివర కృష్ణమూర్తి గారు కళ్ళు తెరవడం మానేశారు. న్యుమోనియా అన్నారు. ఇక బొమ్మ చేతిలో పెట్టినా వేళ్ళు మూసుకోవడం లేదు. నేను చూడటానికి వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. కిటికీ బయట కార్లు నిలిపే చోటు, దాని వెనక సన్నటి జల్లు. ప్రెయిస్ ఆయన పెదాలు తడుపుతోంది. గిరిజ గారు మంచం పక్కన కూర్చుని, ఒళ్ళో చెక్క పెట్టుకుని వేస్తున్నారు. పసుపు, గులాబీ, మధ్య మధ్య లేత ఆకుపచ్చ. ఆ గదిలో నది లేదు, పొద్దు లేదు. చెయ్యి మాత్రం ఆగకుండా, తడబడకుండా చుక్క పక్కన చుక్క పెడుతోంది.

"ఇక ఆపెయ్యొచ్చమ్మా," అన్నాను. "ఆయన చూడటం లేదు."

"తెలుసండీ."

ఆవిడ ఇంకొన్ని చుక్కలు పెట్టారు. నావైపు చూడకుండానే చెప్పారు.

"నది పొంగింది కదా. నిన్న పొద్దున ఆ పొలాల్లోకి వెళ్ళాను. పెద్ద కాన్వాసు పట్టుకెళ్ళాను. ఆయనకి ఇక అక్కర్లేదు కాబట్టి నా పని నేను చేసుకుందామని."

"వేశారా?"

"ఎదురుగా అన్ని నీళ్ళు, సుబ్బారావు గారూ. మోకాలిదాకా దిగి నిలబడ్డాను. చెయ్యెత్తితే ఇవే వచ్చాయి." చెక్క మీద చుక్కలు చూపించారు. "భుజంలోంచి ఏమీ రాలేదు. కట్టు లేదు, ఏమీ లేదు. అయినా రాలేదు."

బొమ్మ అయిపోయాక ఆవిడ దాన్ని నా చేతికిచ్చారు. ఇంకా పచ్చిగా ఉంది, వేలు తగలనివ్వకండి అన్నారు. తర్వాత ఆయన దుప్పటి సర్ది, అరచేత్తో ఆయన నుదురు తుడిచారు. ఆయన రెండు రోజుల్లో పోయారు. పోయేలోగా ఏ పేరూ పలకలేదు.

ఆవిడ బొమ్మ చేతికిచ్చిన ఆ మధ్యాహ్నమే దాన్ని కారు ముందు సీట్లో పడుకోబెట్టి, మెల్లగా నడుపుకుంటూ షాపుకు తెచ్చాను. తలుపు తాళం తీస్తుంటే దారిన పోతున్న ఒకావిడ నా చేతిలోకి చూసి ఆగింది. ఎంత హాయిగా ఉంది, చూస్తే ప్రాణం లేచొచ్చేలా ఉంది అంది. ఇది అమ్ముతారా అని అడిగింది.

అమ్ముతానన్నాను.